ఆర్థిక ఆంక్షలు: అపోహలు – వాస్తవాలు

బ్యాంకు విదేశీ వాణిజ్య విభాగంలో ఎగుమతి పత్రాలు పరిశీలించే ఉద్యోగం నాది. అణు కార్యక్రమం విషయంలో ఇరాన్‌పై అమెరికా, ఐరోపా దేశాలు విధించిన ఆంక్షలను నేను వార్తల్లో కంటే ఫైళ్లలోనే ఎక్కువగా చూశాను.

అపోహ: మందులకు మినహాయింపు ఉంది కాబట్టి సామాన్యులకు ఇబ్బంది ఉండదు.

వాస్తవం: అమెరికా చట్టంలో ఆహారానికి, మందులకు మినహాయింపు ఉన్న మాట నిజమే. అయితే సరుకు అమ్మినవారికి డబ్బు చేరాలి కదా! ఇన్వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కిందని ఇచ్చే రసీదు), బీమా పత్రం అన్నీ సక్రమంగా ఉన్న ఒక మందుల ఫైలు, కొనుగోలుదారు పేరు ఆంక్షల జాబితాలోని మరో పేరును పోలి ఉన్న కారణంగా వారాల తరబడి నా బల్ల మీదే ఉండిపోయింది. ఆ ఇద్దరూ వేర్వేరని తేలిన తర్వాత కూడా మధ్యలో ఉన్న విదేశీ బ్యాంకు ఆ చెల్లింపును ముట్టుకోలేదు. కొద్దిపాటి కమీషన్ కోసం, అమెరికా చర్య తీసుకుంటే డాలర్ లావాదేవీలకే దూరమయ్యే ముప్పును ఏ బ్యాంకూ కొనితెచ్చుకోదు. మన దేశం ఇరాన్ ముడిచమురు బాకీలో కొంత భాగాన్ని కోల్‌కతాలోని యూకో బ్యాంకులో రూపాయల్లో జమచేసి, ఆ సొమ్ముతో ఇరాన్ ఇక్కడే బాస్మతి బియ్యం, మందులు కొనుక్కునే ఏర్పాటు చేసింది ఈ చిక్కును తప్పించుకోవడానికే.

అపోహ: ఆంక్షలతో ఏ దేశమూ దారికి రాదు.

వాస్తవం: 2011లో రోజుకు సుమారు 25 లక్షల బ్యారెళ్లున్న ఇరాన్ చమురు ఎగుమతులు 2013 నాటికి సగానికి పైగా పడిపోయాయి. 2012లో ఆ దేశపు బ్యాంకులు దేశాల మధ్య చెల్లింపుల సందేశాలను బ్యాంకులు పంపుకునే స్విఫ్ట్ వ్యవస్థకు దూరమయ్యాయి. 2015 జూలైలో అమెరికా సహా ఆరు దేశాలతో వియన్నాలో కుదిరిన అణు ఒప్పందంలో యురేనియం శుద్ధిని (అణు ఇంధనంగా పనికొచ్చేలా దాని గాఢత పెంచడాన్ని) 3.67 శాతానికి పరిమితం చేసుకోవడానికి ఇరాన్ అంగీకరించింది. ఇది ఆంక్షల ఒక్కదాని ఘనత కాదు. అడిగింది పరిమితంగా ఉండటం, ఐరోపా కూడా కలిసి రావడం, ఒప్పుకుంటే ఏమి దక్కుతుందో ముందే స్పష్టంగా ఉండటం వల్లనే ఆ ఒత్తిడి ఫలించిందని నా అభిప్రాయం.

అపోహ: ఎంత బిగిస్తే అంత ఫలితం.

వాస్తవం: ఇరాన్ షరతులు పాటిస్తోందని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నివేదిస్తున్నప్పటికీ, 2018 మే 8న అమెరికా ఒప్పందం నుంచి వైదొలగి ఆంక్షలను తిరిగి విధించింది. మరుసటి ఏడాది మే నుంచి భారత్ ఇరాన్ చమురు కొనడం మానుకుంది. ఇరాన్ మాత్రం తలవంచలేదు, 2021 ఏప్రిల్‌లో శుద్ధిని 60 శాతానికి పెంచింది. ఒప్పుకున్నందుకు దక్కాల్సిన లాభం కూడా ఇరాన్‌కు పూర్తిగా దక్కలేదు: అంతకుముందు, 2016లో ఒప్పందం ప్రకారం ఆంక్షలు సడలించినప్పుడు కూడా ఐరోపాలోని పెద్ద బ్యాంకులు చాలావరకు ఆ దేశంతో లావాదేవీలకు వెనుకాడాయి. ఆంక్షలు ఎత్తివేశామని ప్రకటన వెలువడిన తర్వాత కూడా మా దగ్గర ఇరాన్ పేరున్న ఫైలు వచ్చిందంటే, సంతకం పెట్టే ముందు పై అధికారులు రెండుసార్లు ఆలోచించేవారు.