రుఖ్ హోజూఫ్: నాలుగో డివిజన్ దాకా జారిన 14 సార్ల చాంపియన్ (అపోహలు – వాస్తవాలు)

పోలండ్‌లో కింది డివిజన్ల ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూసి, ఆటగాళ్ల మీద రిపోర్టులు, గణాంకాలు రాయడం నా పని. చదువుకోవడానికి సైలీషియా ప్రాంతంలోని కటోవిత్సెకి వచ్చి, ఈ ఆటలో పడి ఇక్కడే ఉండిపోయాను. పక్కనే ఉన్న హోజూఫ్ పట్టణం క్లబ్బు పేరు రుఖ్. మనవాళ్లు రూచ్ అని చదువుతారు కానీ రుఖ్ అనాలి, కదలిక అని అర్థం. కొత్తగా వచ్చే తెలుగు విద్యార్థులు, ఇంటి దగ్గర్నుంచి ఫోన్ చేసే స్నేహితులు, ఒక్కోసారి నాతో పనిచేసేవాళ్లు కూడా ఈ క్లబ్ గురించి కొన్ని మాటలు అంటుంటారు. వాటిలో చాలావరకు తప్పులే. ఇది నాకు బాగా ఇష్టమైన క్లబ్, అందుకే ఒకసారి కూర్చుని రాస్తున్నాను.

అపోహ: "ఫస్ట్ లీగ్‌లో ఆడుతోందట కదా, అంటే టాప్ డివిజనే."

కాదు. పోలండ్‌లో అన్నిటికన్నా పైన ఉండేది ఎక్‌స్త్రాక్లాసా. దాని కింద ఉన్న రెండో మెట్టు పేరు 'మొదటి లీగ్'. మూడో మెట్టు 'రెండో లీగ్', నాలుగో మెట్టు 'మూడో లీగ్'. ప్రతి సీజన్ చివర పట్టికలో అడుగున ఉన్న జట్లు ఒక మెట్టు దిగుతాయి, పైన ఉన్నవి ఒక మెట్టు ఎక్కుతాయి. 2008లో పేర్లు మార్చినప్పటి నుంచి ఈ గందరగోళం ఉంది. కాబట్టి ఒక క్లబ్ మూడో లీగ్‌లో ఉందని చదివితే అది నాలుగో డివిజన్ అని అర్థం చేసుకోవాలి. కొత్తలో నేను కూడా రిపోర్టుల్లో ఇది తికమకపడి రాశాను.

అపోహ: "కింది డివిజన్‌లో ఆడేది అంటే ఏదో చిన్న ఊరి చిన్న క్లబ్."

రుఖ్ 14 సార్లు పోలండ్ చాంపియన్. 1927లో జాతీయ లీగ్ మొదలైనప్పుడే అందులో ఉంది. 1933 నుంచి 1936 వరకు వరుసగా నాలుగేళ్లు టైటిల్ గెలిచింది, 1938లో మళ్లీ గెలిచింది. 1939లో యుద్ధం వచ్చి లీగ్ ఆగిపోయేనాటికి పట్టికలో పైన ఉన్నదీ రుఖ్‌నే. 1974-75 సీజన్‌లో యూరోపియన్ కప్ (యూరప్ దేశాల చాంపియన్ క్లబ్బుల టోర్నీ) క్వార్టర్ ఫైనల్ ఆడి, ఫ్రాన్స్ జట్టు సెంటెటియెన్‌ని ఇక్కడ 3–2తో ఓడించి, అక్కడ 0–2తో ఓడి బయటికొచ్చింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1989. రుఖ్ తన చరిత్రలో మొదటిసారి టాప్ డివిజన్ నుంచి పడిపోయింది 1987లో. ఏడాది తిరిగేసరికి తిరిగొచ్చింది. వచ్చిన మొదటి సీజన్‌లోనే చాంపియన్ అయింది! కోచ్ యెజీ విరోబెక్, ముందువరసలో క్రిష్తోఫ్ వజిహా. ఆ సీజన్‌లో 24 గోల్స్ కొట్టి వజిహా గ్రీస్ వెళ్లి పనథినాయికోస్‌లో చేరాడు. అదే రుఖ్ చివరి టైటిల్.

దీనికి అనుబంధంగా ఇంకో మాట వినిపిస్తుంది: "పద్నాలుగులో ఒకటి దొంగ టైటిల్." 1951 గురించి అది. ఆ ఏడాది లీగ్‌లో మొదటి స్థానం క్రాకుఫ్‌ నగరానికి చెందిన విస్వా క్లబ్బుది. కానీ చాంపియన్ పట్టం పోలండ్ కప్ (లీగ్‌తో పాటు విడిగా జరిగే నాకౌట్ పోటీ) గెలిచినవాళ్లకే ఇస్తామని అప్పటి అధికారులు నిర్ణయించారు. కప్ ఫైనల్లో రుఖ్ అదే విస్వాని 2–0తో ఓడించింది. నిబంధన వింతగా ఉందంటే ఒప్పుకుంటాను. కానీ అది రుఖ్ రాసుకున్న నిబంధన కాదు.

అపోహ: "విలిమోవ్‌స్కీ దేశద్రోహి."

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. ఎర్నెస్ట్ విలిమోవ్‌స్కీ యుద్ధానికి ముందు రుఖ్‌కి ఆడిన ఫార్వర్డ్. లీగ్‌లో 86 మ్యాచ్‌లు, 112 గోల్స్. 1939 మేలో ఊజ్ నగరపు జట్టు మీద రుఖ్ 12–1తో గెలిస్తే అందులో పది గోల్స్ అతనివే. 1938 వరల్డ్ కప్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో బ్రెజిల్ మీద ఒక్క మ్యాచ్‌లో నాలుగు గోల్స్ కొట్టాడు. వరల్డ్ కప్‌లో అంతకుముందు ఎవరూ చేయని పని అది. ఎక్స్‌ట్రా టైమ్ దాకా వెళ్లిన ఆ మ్యాచ్‌లో పోలండ్ 5–6తో ఓడిపోయింది.

తర్వాత యుద్ధంలో అతను జర్మనీ జట్టుకు ఆడాడు. ఎనిమిది మ్యాచ్‌లు, 13 గోల్స్. అందుకే యుద్ధం తర్వాతి పోలండ్‌లో అతని పేరెత్తనివ్వలేదు. అతను మళ్లీ తిరిగి రాలేదు, 1997లో జర్మనీలోని కార్ల్స్‌రూహెలో చనిపోయాడు.

ఇప్పుడు ఈ నేల సంగతి చూడండి. అతను 1916లో కటోవిత్సెలో పుట్టినప్పుడు అది జర్మన్ సామ్రాజ్యంలో ఊరు. 1922లో ఆ ఊరు పోలండ్‌కి వచ్చింది. 1939లో మళ్లీ జర్మనీ ఆక్రమించింది. 1945లో మళ్లీ పోలండ్. ఆ ఇళ్లు, ఆ గనులు, ఆ వీధులు ఉన్నచోటే ఉన్నాయి, సరిహద్దే అటూ ఇటూ జరిగింది. రుఖ్ కథా అంతే. 1920లో క్లబ్ పుట్టిన చోటు ఉక్కు కర్మాగారం పేరు మీద బిస్మార్క్‌హ్యుట్టె. తర్వాత అది వియెల్కె హైదూకి అయింది, 1939లో హోజూఫ్‌లో కలిసింది. యుద్ధకాలంలో ఆక్రమణదారులు సైలీషియావాళ్లను లక్షల్లో జర్మన్ జాతీయుల జాబితాలో చేర్చి, యువకుల్ని తమ సైన్యంలోకి పట్టుకుపోయారు.

అలా పట్టుకుపోయినవాళ్లలో ఒక కుర్రాడు గెరార్డ్ చెష్లిక్. యుద్ధం తర్వాత వచ్చి రుఖ్‌లో చేరాడు, ఆటగాడిగా ఉన్నంతకాలం క్లబ్ మారలేదు. 1957 అక్టోబర్ 20న హోజూఫ్‌లో లక్షమంది ముందు సోవియట్ యూనియన్ మీద రెండు గోల్స్ కొట్టి పోలండ్‌ని 2–1తో గెలిపించాడు. జనం అతన్ని భుజాల మీద మోసుకెళ్లారు. ఒకే నేల మీద పెరిగి, ఒకే క్లబ్ చొక్కా వేసుకున్నవాళ్లు ఇద్దరూ. ఒకరిని వీరుడని, ఇంకొకరిని ద్రోహి అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు ఈ వీధుల్లో ఒకసారి నడిచి మాట్లాడితే బాగుంటుంది.

అపోహ: "ఆట చేతకాక పడిపోయింది."

ఇది నా ఉద్యోగానికి నేరుగా సంబంధించిన విషయం. 2011-12లో వాల్దెమార్ ఫోర్నాలిక్ కోచ్‌గా రుఖ్ ఎక్‌స్త్రాక్లాసాలో రెండో స్థానంలో నిలిచింది. ఆ ఫలితం చూసే ఆయన్ని జాతీయ జట్టుకి కోచ్‌గా తీసుకున్నారు. 2013-14లో మూడో స్థానం. అదే క్లబ్ 2017, 2018, 2019లో వరుసగా మూడేళ్లు మూడు మెట్లు దిగింది. ఆటగాళ్లందరూ ఒక్కసారిగా ఆట మరిచిపోరు కదా.

పడగొట్టింది అప్పులు. జీతాలు పై డివిజన్ లెక్కన రాసుకున్నారు, రాబడి అంత లేదు. బాకీ తీర్చడానికి ఇంకో బాకీ. 2016లో పట్టణ పాలకమండలి ఒక కోటీ 80 లక్షల జ్లోతీల (పోలండ్ కరెన్సీ) అప్పు ఇచ్చి ఆదుకుంది, అదీ సరిపోలేదు. ఇక్కడ ఏ డివిజన్‌లో ఆడాలన్నా ఏటా లైసెన్సు కావాలి. జీతాల బాకీలు, పన్నుల బాకీలు అన్నీ అందులో చూస్తారు. లెక్క తేడా వస్తే పాయింట్లు కోస్తారు, కొత్త ఆటగాళ్లని తీసుకోవద్దంటారు. జీతం అందని ఆటగాడు వెళ్లిపోతాడు, అతని స్థానంలోకి పద్దెనిమిదేళ్ల కుర్రాడు వస్తాడు. ఆ కుర్రాడి తప్పు ఏమీ లేకుండానే జట్టు ఓడుతుంది. ఒక మెట్టు కిందికి పోతే టీవీ డబ్బు తగ్గిపోతుంది, పాత బాకీ మాత్రం అలాగే ఉంటుంది. అక్కణ్ణుంచి జారుడే.

మన దగ్గర ఐపీఎల్ చూసి పెరిగినవాళ్లకి ఈ భయం తెలియదు. సన్‌రైజర్స్ 2023లో పట్టికలో ఆఖరున నిలిచింది, మరుసటి ఏడాది ఫైనల్ ఆడింది. పోలండ్‌లో ఆఖరున నిలిస్తే మరుసటి ఏడాది వేరే లోకంలో ఉంటారు.

అపోహ: "ఎవరో కోటీశ్వరుడు కొనుక్కుని పైకి లేపాడు."

మూడో లీగ్, అంటే నాలుగో డివిజన్, రోజుల్లో చిహా వీధి స్టేడియంలో నేను మ్యాచ్‌లు చూశాను. చిహా అంటే పోలిష్‌లో నిశ్శబ్దమైనది అని. ఆ వీధిలో ఆట ఉన్న రోజు నిశ్శబ్దం అన్నమాటే ఉండదు. 1935లో తెరిచిన మైదానం, పాత ఒమేగా గడియారం, వానకి తడిసిన బెంచీలు. ఇక్కడ స్టేడియంలో అందరూ పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తింటారు. మెట్ల మీద నడిస్తే పొట్టు కాళ్ల కింద కరకరలాడుతుంది. ఒకసారి నా పక్కన కూర్చున్న పెద్దాయన గింజల పొట్లం నా వైపు చాపి, సైలీషియా యాసలో ఏదో అన్నాడు. నాకు సగమే అర్థమైంది. 1989 టైటిల్ నాడు కూడా ఇదే వరసలో కూర్చున్నానని చెబుతున్నాడు. కింద మైదానంలో ఎదుటి జట్టులో ఉన్నవాళ్లు పగలు ఏదో ఉద్యోగం చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చేవాళ్లు. ఆయన మాత్రం యూరోపియన్ కప్ మ్యాచ్ చూస్తున్నంత టెన్షన్‌గా చూస్తున్నాడు.

ఆ డివిజన్‌లో నాలుగు గ్రూపులుండేవి. గ్రూపులో మొదటి స్థానం వచ్చిన జట్టుకే ప్రమోషన్. ఒకప్పుడు ఇదే క్లబ్‌కి ఆడిన సెవెరిన్ షెమియనోవ్‌స్కీ అధ్యక్షుడిగా వచ్చి, ఖర్చు ఆదాయానికి లోబడి ఉండేలా చూశారు. పట్టణం వాటాదారుగా నిలబడింది, అభిమానులు టికెట్లు, స్కార్ఫులు కొంటూ వచ్చారు. 2021లో ఒక మెట్టు ఎక్కారు. 2022లో కోచ్ యారోస్వావ్ స్క్రోబాచ్ జట్టు ప్లే-ఆఫ్ ఫైనల్లో మోటోర్ లుబ్లిన్‌ని 4–0తో ఓడించి ఇంకో మెట్టు, 2023లో మూడో మెట్టు. దిగడానికి మూడేళ్లు పట్టింది, ఎక్కడానికీ వరుసగా మూడేళ్లే. 2024లో మళ్లీ ఎక్‌స్త్రాక్లాసా నుంచి కిందికొచ్చారు. కానీ ఈసారి ఒక మెట్టు దగ్గరే నిలదొక్కుకున్నారు, 2017లోలా కూలిపోలేదు.

అపోహ: "ఆ పెద్ద స్టేడియం రుఖ్‌దే."

హోజూఫ్ సరిహద్దులోని సైలీషియన్ స్టేడియం రాష్ట్ర ప్రభుత్వం లాంటి ప్రాంతీయ పాలనా సంస్థది. 1956లో తెరిచారు. చెష్లిక్ రెండు గోల్స్ కొట్టింది అక్కడే. రుఖ్ అక్కడ అద్దెకు ఆడుతుంది. చిహాలో ఫ్లడ్‌లైట్ల స్తంభాలు ప్రమాదకరంగా ఉన్నాయని తేలడంతో 2023 వసంతంలో జట్టు సొంత మైదానం వదిలి పొరుగున ఉన్న గ్లివిత్సెకి వెళ్లాల్సి వచ్చింది, అక్కణ్ణుంచి ఈ పెద్ద స్టేడియానికి. 2024 ఏప్రిల్‌లో ఇక్కడ వీజెఫ్ జట్టుతో జరిగిన మ్యాచ్‌కి 50 వేలకు పైగా జనం వచ్చారు. అప్పటికి రుఖ్ పట్టిక అడుగు స్థానాల్లో, దిగిపోవడం దాదాపు ఖాయమైన స్థితిలో ఉంది. కొత్త స్టేడియం మాట మాత్రం ఏళ్లుగా వింటూనే ఉన్నాం.

అపోహ: "మనలాంటి విదేశీయులు మ్యాచ్‌కి వెళ్లకూడదు."

వెళ్లొచ్చు. నేను వెళ్తూనే ఉన్నాను. టికెట్ కొనేటప్పుడు గుర్తింపు వివరాలు అడుగుతారు, పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి. మొదటిసారి అయితే పక్కగా ఉండే స్టాండులో టికెట్ తీసుకోండి, గోల్ వెనక గట్టిగా అరిచే గుంపులో వద్దు. జాబ్‌జె పట్టణం జట్టు గుర్నిక్‌తో జరిగే డెర్బీ (పొరుగు జట్ల మధ్య పోరు) మీ మొదటి మ్యాచ్ కాకుండా చూసుకోండి, ఆ రోజు పోలీసులు, తోపులాట ఎక్కువ. కటోవిత్సె క్లబ్బుకీ రుఖ్‌కీ కూడా అస్సలు పడదు. అందుకే రుఖ్ వాళ్ల నీలం స్కార్ఫ్ కొనుక్కుంటే తిరుగు ప్రయాణంలో ట్రామ్ ఎక్కేముందు మడిచి బ్యాగులో పెట్టుకోండి. గింజల పొట్లం గేటు బయటే దొరుకుతుంది.