మంద కాడి కుక్క: పల్లెల్లో నేను రోజూ వినే అపోహలు

పశువుల డాక్టరుగా దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట పల్లెల్లో తిరుగుతుంటాను. బర్రెల తర్వాత నన్ను ఎక్కువగా అడిగేది కుక్కల గురించే. మోటరు కాడ వైరు కోసుకపోతున్నారని ఒకరు, పల్లిచేను అడివిపందులు తవ్వుతున్నాయని ఒకరు, మందలో గొర్రెపిల్లలు మాయమవుతున్నాయని ఇంకొకరు. చివరికి అందరి మాటా ఒకటే: "సార్, మంచి కోపమున్న కుక్క ఏదన్న చెప్పుండ్రి." కోపంతో మీకేం పని? చేనునో మందనో తనదనుకుని, కొత్త అలికిడికి మిమ్మల్ని లేపే కుక్క కావాలి. ఆ తేడా తెలియకే కింది అపోహలన్నీ.

అపోహ: కావలికి జాతి కుక్కే కావాలి. నాటుకుక్క తింటది, పంటది.

వాస్తవం: బత్తాయి తోట కావలికి ఒకాయన పట్నం నుంచి రాట్‌వైలర్ పిల్లను తెచ్చాడు. ఏప్రిల్ వచ్చేసరికి అది షెడ్డు నీడ వదల్లేదు. అదే తోటలో ఎవరూ పెంచని నాటుకుక్క మాత్రం రాత్రంతా కంచె వెంట తిరిగేది. మన ఎండకు, మన పిడుదులకు తరతరాలుగా అలవాటు పడిన ఒళ్లు దానిది. ముధోల్ కుక్క అడిగేవాళ్లూ ఉన్నారు. పక్కనున్న కర్ణాటక జాతే, మంచిదే. కానీ అది చూసి, తరిమి పట్టే వేటకుక్క. దానికి పరుగు కావాలి. గొలుసేసి మోటరు కాడ కట్టేస్తే దానికీ సుఖం లేదు, మీకూ లేదు. ఇంకోమాట, కుందేళ్ల మీదికి కుక్కను ఉసిగొల్పడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

అపోహ: చెవులు కోసి, పచ్చిమిరపకాయ తినిపించి, చీకట్లో కట్టేస్తే కుక్క పులి అవుతుంది.

వాస్తవం: పిచ్చిదవుతుంది. చెవి కోసినచోట పురుగులు పడితే నా దగ్గరికే తెస్తారు. పైగా అది 1960 జంతుహింస నివారణ చట్టం కింద తప్పు. కట్టేసి, కొట్టి పెంచిన కుక్కకు భయం తప్ప ఇంకేం తెలియదు. భయపడ్డ కుక్కకు దొంగ ఎవరో, బడి నుంచి వచ్చే మీ మనవడు ఎవరో తేడా ఉండదు. 'మొరిగే కుక్క కరవదు' అన్న సామెతను కూడా నమ్మకండి. తోక కాళ్ల సందున పెట్టి, చెవులు వెనక్కి వాల్చి, మూలకు నక్కి మొరిగే కుక్క కరిచే ప్రమాదం ఎక్కువ.

వెనక కాలికి ఎక్కువ గోరుంటే, అంగిలి నల్లగుంటే గట్టి కుక్క అంటారు. ఆ రెంటికీ ధైర్యానికీ ఏ సంబంధమూ లేదు. ఆ గోరు ముళ్లకంపలో ఇరుక్కుని చీలడమే నేను చూసింది.

అపోహ: చచ్చిన గొర్రె తలకాయ మంద కుక్కకు వేస్తే తప్పేంది? దాని వంతు అదే కదా.

వాస్తవం: ఈ ఒక్కటి కాపరులందరూ వినాలి. దేశంలో గొర్రెలు అన్నిటికన్నా ఎక్కువున్నది తెలంగాణలోనే, 2019 లెక్క ప్రకారం 1.9 కోట్లు. మన పాలమూరు మందల్లో ఒక గొర్రె ఉన్నట్టుండి మంద విడిచి, తల ఒకపక్కకు వాల్చి గిరగిర తిరుగుతుంది. గాలి సోకిందని తాయెత్తు కడతారు. సోకింది గాలి కాదు, దాని మెదడులో నీటితిత్తి పెరుగుతోంది. ఆ గొర్రె చచ్చినప్పుడు తల పగలగొట్టి కుక్కకు వేస్తే, తిత్తిలోని పిల్లపురుగులు కుక్క పేగుల్లో బద్దెపురుగులవుతాయి. వాటి గుడ్లు కుక్క పెంటలో పడి గడ్డికి అంటుతాయి. ఆ గడ్డి మేసిన గొర్రెల మెదడులో మళ్లీ తిత్తులు. తిత్తి పెరగడానికి నెలలు పడుతుంది కాబట్టి, ఎప్పుడో వేసిన తలకాయకూ ఇప్పటి రోగానికీ ఉన్న లంకె ఎవరికీ తట్టదు.

ఒక కాపరికి ఇదంతా చెబితే కాసేపు మాట్లాడలేదు. "అంటే నా కుక్కకు నేనే తినబెట్టి, నా గొర్రెలను నేనే సంపుకున్ననా సార్?" అన్నాడు. నాకేం జవాబు చెప్పాలో తోచలేదు. ఆయనకు ఈ సంగతి ఎవరు చెప్పారు గనక?

చేయాల్సింది చిన్నదే. తలకాయను కాల్చండి, లేదా కుక్కలు తవ్వలేనంత లోతున పూడ్చండి. నీటిబుగ్గలున్న కార్జం, ఊపిరితిత్తులు కూడా అంతే, వాటి నుంచి వచ్చే పురుగు మనుషులకూ ప్రమాదం. మూడు నెలలకోసారి కుక్కకు ప్రాజిక్వాంటెల్ ఉన్న బద్దెపురుగుల మందు బరువును బట్టి వేయించండి. గొర్రెలకు మందు తాగించి కుక్కను వదిలేస్తే సగం పనే చేసినట్టు.

అపోహ: పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయిస్తే కుక్క మెత్తబడి కావలి మరుస్తుంది.

వాస్తవం: మరిచేది చిత్తకార్తె తిరుగుళ్లను. ఆ కార్తెలో మగకుక్కలు మందను గాలికొదిలి ఊళ్లు పట్టి పోతాయి, ఒళ్లంతా కాట్లతో వస్తాయి. ఆపరేషన్ అయిన కుక్క తన జాగా పట్టుకునే ఉంటుంది. అయితే మంద కుక్కను చిన్నప్పుడే తయారుచేయాలి. రెండు నెలల పిల్లను తల్లి నుంచి వేరుచేశాక గొర్రెపిల్లల మధ్యే తిననివ్వాలి, పండనివ్వాలి. ఆడుకుంటూ గొర్రెపిల్లల వెంట పడితే అప్పటికప్పుడే గద్దించాలి. గంట తర్వాత కొడితే ఎందుకు కొట్టావో దానికి తెలియదు.

అపోహ: మన ఇంటి కుక్క, అందులో చిన్న కుక్కపిల్ల. గీరితే ఏం కాదు, పసుపు పెడితే చాలు.

వాస్తవం: రేబిస్‌కు ఇంటి కుక్క, వీధి కుక్క అని లేదు. పిల్లకు మూడు నెలలు నిండగానే టీకా వేయించాలి, తర్వాత ఏటేటా. కరిచినా, రక్తం రాకుండా గోరు గీరినా పసుపు, సున్నం, కారం, ఆకుపసరు ఏదీ వద్దు. 15 నిమిషాలు పారే నీళ్లతో, సబ్బుతో కడిగి దవాఖానకు పోవాలి. బొడ్డు చుట్టూ 14 సూదుల కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు భుజానికే నాలుగైదు మోతాదులు. రక్తం వచ్చిన గాయమైతే గాయంలోనే సీరమ్ కూడా వేస్తారు. లక్షణాలు కనబడ్డాక మాత్రం ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు.

అపోహ: కుక్క ఉంటే చిరుత రాదు.

వాస్తవం: కుక్కంటే చిరుతకు ఇష్టమైన తిండి. గుట్టల పక్కన కొట్టం బయట కుక్కను గొలుసుతో కట్టేయడమంటే ఎర వేసినట్టే, అది పారిపోనూ లేదు, పోరాడనూ లేదు. కుక్క పని వాసన పట్టి మొరగడం. లేచి, లైటు వేసి, కేక పెట్టడం మన పని. నల్లమల అంచున, అమ్రాబాద్ దిక్కు ఉన్నవాళ్లు కుక్కకు డిస్టెంపర్ అనే వైరస్ రోగానికి టీకా కూడా వేయించాలి. 2018లో గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు వాటిలో బయటపడింది ఈ కుక్కల వైరసే. మన కుక్క నుంచి అడవికి పోయే రోగాలూ ఉంటాయి.

చందంపేట దిక్కు ఒక కాపరి కుక్క అలాగే గొలుసు మీదే పోయింది. పొద్దున్న గొలుసు, పట్టీ మిగిలాయి. ఇప్పుడాయన కొత్త కుక్కను కట్టడు. మందను చేలో పెట్టిన రాత్రి కంపచెట్ల కంచె లోపల గొర్రెల నడుమ అది, పక్కనే గొంగడి కప్పుకుని ఆయన. అది ఒక్కసారి గుర్రుమంటే చాలు, చెయ్యి టార్చిలైటు మీదికి పోతుంది.