సైకిల్ లైట్లు: మా కొట్లో రోజూ వినబడే అపోహలు

మొన్న ఒకతను ముందు చక్రం ఊడదీసి భుజాన వేసుకొచ్చాడు. రిమ్ము బెండయింది, రెండు స్పోకులు విరిగాయి. "అన్నా, వెయ్యి లూమెన్ల లైటు పెట్టిన. అయినా గుంత కనబడలే" అన్నాడు. సైకిల్ కూడా తెమ్మన్నాను. తెచ్చాక చూస్తే లైటు హ్యాండిల్ మీద కాస్త పైకి లేచి, ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంటు మొదటి అంతస్తును చూస్తోంది. గుంత వైపు అది చూడనే లేదు.

అపోహ: లూమెన్లు ఎంత ఎక్కువైతే రోడ్డు అంత బాగా కనిపిస్తుంది.

లూమెన్లు చెప్పేది లైటులోంచి మొత్తం ఎంత వెలుగు బయటికొస్తోందో మాత్రమే. ఒక చోట ఎంత వెలుగు పడుతోందో చెప్పేది లక్స్. జర్మనీలో సైకిల్ లైటుకు పెట్టిన నిబంధన ఈ రెండో దాని మీదే: 10 మీటర్ల దూరంలో కనీసం 10 లక్స్ పడాలి, ఎదుటివాళ్ల కళ్లలో కొట్టకుండా పైభాగం కట్ అయిపోవాలి. మన దగ్గర అమ్ముడయ్యే లైట్లలో చాలావరకు టార్చిలైటు లాంటివే. గుండ్రంగా వెలుగు చిమ్ముతాయి, అందులో సగం చెట్ల కొమ్మలకే పోతుంది. వీధి దీపాలున్న ఊళ్లో తిరగడానికి 200-300 లూమెన్లు సరిపోతాయని నా అనుభవం. హైదరాబాద్ శివార్లలో గండిపేట దాటి చీకటి రోడ్డెక్కేవాళ్లకు 500-800 ఉన్నవి చూపిస్తాను. అంతకుమించి అడిగితే ఎందుకని అడుగుతాను.

డబ్బా మీది అంకెను కూడా అలాగే నమ్మేయకండి. లోపల ఉండేది మామూలుగా ఒక 18650 సెల్లు, అంటే బొటనవేలంత ఉండే, మళ్లీ ఛార్జ్ చేసుకునే బ్యాటరీ. 3.7 వోల్టులు, 2600 ఎంఏహెచ్ అనుకుంటే దానిలో ఉన్న శక్తి 10 వాట్-అవర్లకు కూడా అందదు. మంచి ఎల్ఈడీ ఒక్కో వాట్‌కు 100-120 లూమెన్లు ఇస్తుంది. అంటే వెయ్యి లూమెన్లకు 8-10 వాట్లు కావాలి, బ్యాటరీ గంటలో ఖాళీ. "1000 లూమెన్లు, 6 గంటలు" అని రాసిన డబ్బాలో ఒకటే సెల్లుంటే, ఆ రెండు అంకెల్లో ఏదో ఒకటి అబద్ధం. ఇక సెల్లు మీద 9900 ఎంఏహెచ్ అని ఉంటే చర్చే అక్కర్లేదు. ఆ సైజు సెల్లులో అందులో సగం కూడా పట్టదు.

అపోహ: లైటు తిన్నగా ముందుకు చూస్తే చాలు.

బిగించడంలో జరిగే తప్పుల్లో ఇదే పెద్దది. దీనికి కావాల్సింది ఒక గోడ, ఒక సుద్దముక్క. రాత్రిపూట సైకిల్‌ను గోడకు 5 మీటర్ల దూరంలో నిలబెట్టండి. లైటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి గోడ మీద అదే ఎత్తులో గీత గీయండి. హ్యాండిల్ మీద ఉంటే ఇంచుమించు మీటరు ఉంటుంది. వెలుగు మధ్యభాగం ఆ గీతకు 25 సెంటీమీటర్లు కింద పడాలి, అంటే జానెడు కంటే కాస్త ఎక్కువ. అలా వంచితే వెలుగు 20 మీటర్ల ముందు నేలను తాకుతుంది.

20 మీటర్లే ఎందుకంటే, గంటకు 25 కిలోమీటర్ల వేగంలో మీరు సెకనుకు 7 మీటర్లు పోతారు. గుంత కనబడి, బ్రేకు నొక్కేలోపు సెకనున్నర గడిస్తే 10 మీటర్లు అయిపోయాయి. పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 5-6 మీటర్లు. వానలో ఇంకా ఎక్కువ, అందుకే తడి రోడ్డు మీద లైటు సంగతి సరే, ముందు వేగం తగ్గించాలి.

ఇంత సరిగ్గా వంచినా పట్టు జారితే లాభం లేదు. ఈ కాలపు హ్యాండిళ్లు చాలావాటికి మధ్యలో 31.8 మిల్లీమీటర్లు ఉంటాయి, పాతవాటికి 25.4. లావు హ్యాండిల్ కోసం చేసిన పట్టీ సన్నదానికి వేస్తే మొదటి స్పీడ్ బ్రేకర్‌కే తల వంచేస్తుంది. పాత ట్యూబు ముక్క ఒకటి కోసి పట్టీ కింద చుట్టండి. ఖర్చేమీ ఉండదు, ఏ పంక్చర్ షాపులో అడిగినా ఇస్తారు.

అపోహ: హెల్మెట్ మీద పెట్టుకుంటే ఎటు చూస్తే అటు వెలుగు, ఇంక హ్యాండిల్ లైటు ఎందుకు?

గుంత మనకు కనబడేది దాని నీడ వల్ల. లైటు కళ్ల పక్కనే ఉంటే ఆ నీడ గుంత అంచు వెనకే దాక్కుంటుంది, రోడ్డంతా చదునుగా అగుపిస్తుంది. లైటు కింద ఉన్నకొద్దీ నీడ పొడుగవుతుంది. మలుపులు చూడటానికి, పంక్చర్ వేసుకోవడానికి హెల్మెట్ లైటు బాగుంటుంది, రెండో లైటుగా పెట్టుకోండి. ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు మాత్రం ఆర్పండి, పాపం వాళ్ల కళ్లు.

అపోహ: మిణుకుమిణుకుమనే లైటే సురక్షితం.

మిణికే లైటు దృష్టిని లాగుతుంది, నిజమే. కానీ అది ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా కదులుతోంది అన్నది వెనకొచ్చే డ్రైవరుకు అంచనా దొరకడం కష్టం. జర్మనీలో అయితే సైకిల్‌కు మిణికే లైటు అసలు ఒప్పుకోరు. పగటిపూట మిణకనివ్వండి. రాత్రి ఒకటి స్థిరంగా వెలగాలి. గుంపుగా వెళ్లేటప్పుడు వెనకవాడి ముఖం మీద టపటపా కొట్టే ఎర్ర లైటు పెట్టేవాళ్లను ఏమనాలో నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను.

అపోహ: వెనక లైటు ఎక్కడున్నా ఒకటే.

సీట్ పోస్ట్, అంటే సీటును మోసే గొట్టం, వెనక్కి వాలి ఉంటుంది. దానికి సర్దకుండా బిగిస్తే లైటు నేలను చూస్తుంది. సీటు కింద నుంచి వెనక ఇరుసుకు దిగే కమ్మీకి బిగిస్తే ఆకాశాన్ని చూస్తుంది. చిన్న ఎర్ర లైట్ల వెలుగు సన్నటి కట్టగా వస్తుంది కాబట్టి కాస్త వంగినా దూరం నుంచి మసకబారిపోతుంది. నేలకు సమాంతరంగా, తిన్నగా వెనక్కి చూడాలి. కమ్మీకే పెట్టాలంటే కుడివైపు కమ్మీకి పెట్టండి, మన దగ్గర బండ్లు దాటేది అటువైపు నుంచే కదా. బిగించాక పది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. బ్యాగు, రెయిన్‌కోటు, చున్నీ అడ్డొస్తున్నాయా అన్నది అప్పుడే తెలుస్తుంది.

అపోహ: రిఫ్లెక్టర్లున్నాయిగా.

ఉంచండి, పీకెయ్యకండి. కానీ వాటికి సొంత వెలుగు లేదు. హెడ్‌లైటు లేకుండా వచ్చే ఆటోకు మీరు కనబడరు. పక్క సందులోంచి వచ్చేవాడి లైటు మీ మీద పడేసరికి వాడు మీ ముందే ఉంటాడు. చీలమండకు కట్టుకునే మెరిసే పట్టీ మాత్రం బాగా పనిచేస్తుంది. తొక్కుతుంటే పైకీ కిందికీ కదిలి, అక్కడున్నది మనిషని చెబుతుంది.

అపోహ: డైనమో పాతకాలం సరుకు.

టైరుకు రాసుకుంటూ గుర్రుమనేది పాతదే, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ కాళ్లు నొప్పెడతాయి. ముందు చక్రం ఇరుసులోనే ఉండేది వేరే సంగతి. 6 వోల్టులు, 3 వాట్లు, ఛార్జింగ్ గొడవ లేదు. 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు, అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ యాత్రలు, రాత్రంతా తొక్కేవాళ్లకు అది మంచి పెట్టుబడి. ఆఫీసుకు వెళ్లొచ్చేవాళ్లకు నేను చెప్పను, ఖరీదెక్కువ.

ఇక వాన సంగతి. లైటు నీళ్లను ఎంత తట్టుకుంటుందో డబ్బా మీద ఐపీఎక్స్ అంకె చెబుతుంది: ఐపీఎక్స్ 4 అంటే చిందే నీళ్లకు, 7 అంటే మీటరు లోతులో అరగంటకు. రెండూ ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత సరిగ్గా మూసినప్పుడే. నా దగ్గరికి వానాకాలంలో వచ్చే లైట్లలో చచ్చినవి చాలావరకు ఆ మూత దగ్గరే చచ్చినవి.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీద రాత్రి దీపాలుంటాయి. అక్కడికెళ్తే లైటు తక్కువలో పెట్టండి. ఎదురొచ్చేది కూడా సైకిలే.

రిమ్ము బెండయిన అతనికి కొత్త లైటు అమ్మలేదు. ఉన్నదాన్నే కొట్టు ఎదుటి గోడకు గురిపెట్టి సుద్దగీతకు జానెడు దించాను, పట్టీ కింద ట్యూబు ముక్క చుట్టాను. రిమ్ముకు, రెండు స్పోకులకు డబ్బులు తీసుకున్నాను.