మొదటి ఇంజిన్, మొదటి ట్రైనర్: చిన్నదైతే సులువనుకోకండి

ఆర్‌సీ (రిమోట్‌తో ఎగరేసే బుల్లి) విమానాలు నేర్పేవాడిగా నాకు పదే పదే వచ్చే ఫోన్ ఒకటుంది. "సార్, పాయింట్ 15 ఇంజిన్ కొన్నాను, మూడడుగుల విమానం కట్టాను. స్టార్టే అవట్లేదు, ఒకవేళ అయినా రెండు నిమిషాల్లో ఆగిపోతోంది. నావల్ల కాదేమో!" (పాయింట్ 15 అంటే ఇంజిన్ సైజు, 0.15 ఘనపు అంగుళాలు.) మీవల్ల అవుతుంది. తప్పు మీది కాదు, మీకు ఆ సలహా ఇచ్చినవాళ్లది.

అపోహ: చిన్న ఇంజిన్, చిన్న విమానంతో మొదలుపెడితే తేలిక. కూలినా నష్టం తక్కువ.

వాస్తవం: సరిగ్గా దానికి వ్యతిరేకం. విమానం ఎంత చిన్నదైతే అంత చురుగ్గా తిరుగుతుంది. ఐలెరాన్ (విమానాన్ని పక్కకి వాల్చే రెక్క పలక) కాస్త ఎక్కువ ఇచ్చారంటే మీరు తేరుకునేలోపు తిరగబడిపోతుంది. సాయంత్రం పిల్లగాలికే ఊగుతుంది. వంద మీటర్లు దాటాక మనవైపు వస్తోందో, అవతలికి పోతోందో ఆనవాలు పట్టలేం. తికమకపడి స్టిక్ అటుది ఇటు లాగితే అంతే సంగతులు.

ఇంజిన్ సంగతి ఇంకా కష్టం. పాయింట్ 049 రకాల్లో చాలావాటికి థ్రాటిలే ఉండదు. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఫుల్ స్పీడు, తర్వాత గ్లైడు. అంటే ట్యాంకుకి ఒక్క ల్యాండింగు, అదీ కుదరకపోతే మళ్లీ పైకి లేపే వీల్లేదు. నేర్చుకోవాల్సిందే ల్యాండింగ్ కదా! పాయింట్ 15కి థ్రాటిల్ దొరుకుతుంది కానీ నీడిల్ (ఇంధనం ఎంత పోవాలో సర్దే మర) మహా సున్నితం, కాస్త తిప్పితే చాలు రిచ్ (ఇంధనం ఎక్కువ) నుంచి లీన్‌కి (ఇంధనం తక్కువ) పోతుంది. అదే 6.5 సీసీ పాయింట్ 40 గానీ, 7.5 సీసీ పాయింట్ 46 గానీ క్లిక్కు అటూ ఇటూ అయినా ఓర్చుకుంటుంది. ఓఎస్ 46 ఏఎక్స్ లాంటిదానికి 11×6 ప్రాప్ (ప్రొపెల్లర్) వేసి, రెక్కల పొడవు 60 అంగుళాలకు కాస్త అటూ ఇటూగా ఉన్న హై వింగ్ ట్రైనర్‌కి (రెక్క పైన ఉండే, నేర్చుకునే విమానానికి) బిగించండి. రెక్క అడుగు చదునుగా, డైహెడ్రల్‌తో (రెక్కల కొసలు కాస్త పైకి లేచి) ఉండాలి. ముందు చక్రం ఉంటే రన్‌వే మీద మీకే సుఖం.

రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన నా దగ్గర నేర్చుకున్నారు. బడ్డీ కార్డు (గురువు, శిష్యుల రిమోట్‌లను కలిపే తీగ) వేసి కంట్రోల్ ఇవ్వగానే బొటనవేళ్లు బిగుసుకుపోయాయి, విమానం పడవలా ఊగుతోంది. "మాస్టారూ, థ్రాటిల్ సగానికి తెచ్చి స్టిక్స్ వదిలేయండి" అన్నాను. "వదిలేస్తే పడిపోదటయ్యా?" అంటూనే భయంభయంగా వేళ్లు తీశారు. వాలిన రెక్క మెల్లగా లేచి విమానం తనంతట తానే సర్దుకుంది. ఆయన టెన్షన్ ఆ క్షణంతో సగం పోయింది. చురుకైన చిన్న విమానమైతే ఆ మాట అనే ధైర్యం నేను చేసేవాణ్ణి కాదు.

"పెద్ద ఇంజిన్ అయితే ఇంకా మంచిదిగా" అని పాయింట్ 40 ట్రైనర్‌కి పాయింట్ 61 బిగించేవాళ్లూ ఉన్నారు. ముక్కు బరువెక్కుతుంది, సీజీ (బరువు సమతూకపు కేంద్రం) కోసం తోకలో సీసం పెట్టాలి, చివరికి ల్యాండింగ్ స్పీడు పెరుగుతుంది. వద్దు.

ఇంధనంలో నైట్రో (నైట్రోమీథేన్) లేకపోతే ఇంజిన్ పాడవుతుందన్నది వట్టి పుకారు. ఎఫ్ఏఐ (అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య) పైలాన్ రేసింగ్‌లో (స్తంభాల చుట్టూ తిరిగే విమాన పందేల్లో) వాడేదే 80 శాతం మెథనాల్, 20 శాతం నూనె. నైట్రో ఉంటే ఐడ్లింగ్ (నెమ్మదిగా తిరగడం) బాగుంటుంది, పవర్ కాస్త పెరుగుతుంది, అంతే. ఇంజిన్‌ని కాపాడేది నూనె. ఆముదం వాడితే జిగురు తీసి శుద్ధి చేసినదే వాడండి, తలకు రాసుకునేది కాదు.

ఫోర్ స్ట్రోక్ మొదటి ఇంజిన్‌గా అనవసరం. ఎలక్ట్రిక్ విమానం అంటే బొమ్మేం కాదు, పొగా నూనే వద్దనుకుంటే నిక్షేపంగా దానితోనే మొదలుపెట్టండి.

ఇంజిన్ గాల్లో ఆగగానే "కంపెనీ మంచిది కాదు" అనేస్తారు. చాలాసార్లు అసలు కారణం నేల మీద శబ్దం మురిపెంగా ఉందని లీన్ చేసేయడమే. వేడెక్కిన ఇంజిన్‌ని ఫుల్ థ్రాటిల్‌లో పెట్టి, ప్రాప్ వెనక నిలబడి నీడిల్ బిగిస్తూ పోండి. స్పీడు ఇక పెరగదనిపించిన చోటు నుంచి రెండు మూడు క్లిక్కులు వెనక్కి విప్పండి. ఇంకొకరి చేత విమానం ముక్కు నిటారుగా ఎత్తించి పది సెకన్లు చెవి పెట్టి వినండి. శబ్దం కాస్త పెరిగితే సరే, నీరసిస్తే ఇంకా లీన్‌గానే ఉంది, మరో క్లిక్కు విప్పండి. ఎగిరేటప్పుడు వెనక సన్నటి పొగ కనబడాలి.

ఇప్పటికే పాయింట్ 15 కొనేశారా? అమ్మకండి. బెంచీకి బిగించి నీడిల్ చేతికి పట్టుబడేదాకా తిప్పండి. తర్వాత కంట్రోల్ లైన్ (తీగలు పట్టుకుని చుట్టూ తిప్పే) విమానానికి అది భేషుగ్గా పనికొస్తుంది.