పూత కంటే గింజే పెద్దది

గుడ్డతో వార్నిష్ పూసి, ఆరాక వేలితో తడిమి చూస్తే అక్కడక్కడా గరుగ్గా తగులుతుంది. పూత తడిగా ఉన్నప్పుడు వాలిన దుమ్ము అందులోనే అతుక్కుపోయిందన్నమాట. తర్వాతి కోటింగ్ వేసేముందు ఆ పలుకులను తీసేయాలి. ఏ శాండ్ పేపర్‌తో? చెక్క గట్టిదా మెత్తదా అని ఆలోచిస్తాం గానీ, ఇక్కడ లెక్కలోకి వచ్చేది పూత మందం.

పలచగా పూసిన కోటింగ్ ఆరాక వెంట్రుక మందంలో చిన్న వంతే మిగులుతుంది. శాండ్ పేపర్ నంబర్ పెరిగేకొద్దీ దాని మీది రాపిడి గింజ సన్నబడుతుంది. పి400 కాగితం మీది గింజ సగటున 35 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే చాలాసార్లు పూత కంటే గింజే పెద్దది! అయినా పూత నిలుస్తుంది. తేలిగ్గా రుద్దినప్పుడు గింజ మొన మాత్రమే లోపలికి దిగుతుంది మరి. అంచుల దగ్గర మాత్రం చేతి బరువంతా సన్నటి గీత మీద పడుతుంది. ఒకసారి 220 నంబర్ కాగితంతో బల్ల అంచు రుద్ది, నాలుగు విసుర్లకే చెక్క బయటపెట్టాను. మళ్లీ మొదటి నుంచీ పూయాల్సి వచ్చింది.

నంబర్లలోనూ ఒక తిరకాసు ఉంది. ముందు 'పి' ఉన్న 600 గింజ దాదాపు 26 మైక్రాన్లు. పాత అమెరికన్ పద్ధతిలో అదే 600 అంటే 16. దానికి సరితూగేది పి1200. కాబట్టి కాగితం వెనక్కి తిప్పి ఆ అక్షరం ఉందో లేదో చూడండి.

ఉత్త చెక్కకు అల్యూమినియం ఆక్సైడ్ గింజల కాగితం బాగుంటుంది, చాలాకాలం మన్నుతుంది. పూతకు నేను సిలికాన్ కార్బైడే ఎంచుకుంటాను. అది మరింత గట్టిది, కానీ పెళుసు. విరిగిన ప్రతిసారీ కొత్త పదును బయటపడుతుంది, అందుకే నొక్కకుండానే కోస్తుంది. అసలు శత్రువు వేడి. రాపిడికి పూత మెత్తబడి, దాని పొడి శాండ్ పేపర్‌కు అంటుకుని ఉండలు కడుతుంది. గింజలు గీయని లోతైన గీతలు ఆ ఉండలు గీస్తాయి. దీన్ని తగ్గించడానికే కొన్ని కాగితాలకు తెల్లటి స్టియరేట్ పూత వేస్తారు, సబ్బులా జారుతుంది.

ఆరిన వార్నిష్‌లో కొత్త కోటింగ్ కరిగి కలవదు. అది పట్టు దొరికించుకోవడానికి సన్నటి గీతలు కావాలి. లక్క పాలిష్‌కు ఆ బాధ లేదు. కొత్త పొరలోని ఆల్కహాల్ కింది పొరను కొంచెం కరిగించి తనలో కలుపుకుంటుంది. దానికి పలుకులు తీస్తే చాలు.

స్టీల్ ఊల్ (సన్నటి ఉక్కు పీచు) దుమ్ము పలుకుల మీదుగా వంగి వెళ్లిపోతుంది, చదును చేయదు. చివరి కోటింగ్ మెరుపు తగ్గించడానికి పనికొస్తుంది, అంతే. నీటి ఆధారిత పూతల మధ్య అసలే వద్దు. విరిగి మిగిలిన పోగులు తుప్పు పడతాయి.

రుద్దాక పొడి తుడిచి, దీపాన్ని పక్కవాటుగా పట్టి చూడండి. అంతా మసకగా ఉండి, ఎక్కడో ఒక మెరిసే మచ్చ కనిపిస్తే అది కాగితం అందని పల్లం. దాన్ని కూడా మసకబార్చాలని చేయి లాగుతుంది. పలచని పూత మీద ఆ పని పెట్టుకోకుండా ఇంకో కోటింగ్ వేసేయండి.