"మెసేజ్ పెట్టిన కదా సార్": ఆఫీసు మాటల మీద అపోహలు - వాస్తవాలు

వరంగల్, హనుమకొండల్లో దుకాణాలు, మిల్లులు, ఆసుపత్రుల సిబ్బందికి ఆఫీసులో మాట్లాడే పద్ధతి, రాసే పద్ధతి నేర్పించడం నా పని. ఎక్కడికి వెళ్లినా, గొడవ ఏదైనా, ఒక మాట మాత్రం తప్పకుండా వినబడుతుంది: "మెసేజ్ పెట్టిన కదా సార్!" యజమానీ అదే అంటాడు, గుమస్తా కూడా అదే అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అయినా పని చెడిపోయింది. ఈ పోస్టు అందుకే రాస్తున్నాను.

అపోహ: పంపితే చేరినట్టే, చేరితే అర్థమైనట్టే.

డబ్బు ఎక్కువగా పోయేది ఈ ఒక్క నమ్మకం దగ్గరే. నిరుడు మిర్చి సీజన్‌లో జరిగింది చెబుతాను. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కొనే ఒక సేటు రాత్రి పదకొండున్నర దాటాక, కోల్డ్ స్టోరేజీ దగ్గర ఉండే తన గుమస్తాకు వాట్సాప్‌లో ఇలా పెట్టారు: "రేపు పొద్దున తేజ 80 బస్తాలు తీసి పెట్టు. బండి వస్తది." తేజ అంటే ఒక మిర్చి రకం. గుమస్తా అప్పటికే పడుకున్నాడు. తెల్లారి ఐదున్నరకు ఫోన్ చూశాడు. పొద్దున చదివినవాడికి రేపంటే ఆ మర్నాడే కదా! సరేనన్నట్టు బొటనవేలి గుర్తు (👍) పెట్టి తన పనిలో పడ్డాడు. సేటు నీలం టిక్కులు చూసుకుని నిశ్చింతగా ఉన్నారు.

ఎనిమిదింటికి లారీ వచ్చి గేటు ముందు ఆగింది. హమాలీలు లేరు. హడావుడిగా పిలిపించి, బస్తాలు దింపించి, లోడు చేసి పంపారు. అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఆ సేటుకు స్టోరేజీలో తేజ లాట్లు రెండున్నాయి, ఒకటి పోయినేటి సరుకు, రెండోది కొత్తది. గుమస్తా పాతది పంపాడు. సేటు మనసులో ఉన్నది కొత్తది. అవతల కొనే పార్టీ సరుకు చూసి తీసుకోనన్నాడు. పోనూ రానూ కిరాయి సేటు మీదే పడింది, మంచి పార్టీ చేజారింది.

అప్పుడు నన్ను పిలిచి, "మా పిల్లగానికి కమ్యూనికేషన్ నేర్పుండ్రి సార్" అన్నారు. నేను ఆ మెసేజ్ చూపించి ముందు సేటుకే చెప్పాను: ఇందులో తేదీ లేదు, లాట్ నంబర్ లేదు, సరుకు ఎవరికి వెళ్తుందో లేదు. పిల్లగాడు తనకు తెలిసినంతలో సరిగ్గానే చేశాడు.

రెండు బూడిద రంగు టిక్కులంటే మెసేజ్ ఫోన్‌కు చేరిందని. నీలం అయితే చాట్ తెరిచారని. అంతకు మించి వాటికి ఏ అర్థమూ లేదు. తెరిచిన మనిషి పూర్తిగా చదివాడో లేదో, చదివింది ఎలా అర్థం చేసుకున్నాడో ఏ టిక్కూ చెప్పదు.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. డిగ్రీలో, ఎంబీఏలో అందరం వేసిన బొమ్మ ఉంది కదా, సెండర్ నుంచి ఛానల్ మీదుగా రిసీవర్‌కు బాణం, మధ్యలో నాయిస్, అంటే అడ్డంకి. దాని మూలం 1948లో అమెరికాలోని టెలిఫోన్ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తూ క్లాడ్ షానన్ రాసిన పేపర్. సిగ్నల్ చెడిపోకుండా అవతలికి ఎలా చేర్చాలన్నదే ఆయన ముందున్న సమస్య. సందేశం అర్థం సంగతి ఈ ఇంజనీరింగ్ సమస్యకు సంబంధించింది కాదని ఆయన పేపర్ మొదట్లోనే రాశారు. మనవాళ్లు ఆ వాక్యం వదిలేసి బొమ్మ మాత్రం తీసుకున్నారు. తర్వాత 1954లో కమ్యూనికేషన్ పండితుడు విల్బర్ ష్రామ్ ఇద్దరి అనుభవాలు ఎంత మేర కలుస్తాయో మాట అంత మేరకే అర్థమవుతుందన్నారు. సేటు అనుభవంలో ఆ పార్టీతో జరిగిన బేరం ఉంది. గుమస్తా అనుభవంలో అది లేదు. నాయిస్ అంటే సిగ్నల్ సరిగ్గా లేకపోవడమే అనుకుంటారు గానీ, ఇక్కడ నాయిస్ అంటే ఆ తేడానే.

రెండు లాట్ల గొడవ మన దగ్గరే మొదటిసారి వచ్చింది కాదు. 1864లో ఇంగ్లండ్ కోర్టు ముందుకు పత్తి కేసు ఒకటి వచ్చింది. బొంబాయి నుంచి 'పీర్‌లెస్' అనే ఓడలో వచ్చే 125 బేళ్ల సూరత్ పత్తికి బేరం కుదిరింది. తీరా చూస్తే బొంబాయి నుంచి అదే పేరుతో రెండు ఓడలు బయలుదేరాయి, ఒకటి అక్టోబర్‌లో, ఇంకొకటి డిసెంబర్‌లో. కొన్నవాళ్లు అక్టోబర్ ఓడ అనుకున్నారు, అమ్మినవాళ్లు డిసెంబర్ ఓడ పత్తి ఇవ్వబోయారు. తీర్పు కొన్నవాళ్ల వైపు వచ్చింది. మన కాంట్రాక్ట్ చట్టం 1872 నాటిది. దాని 13వ సెక్షన్ ప్రకారం ఇద్దరూ ఒకే విషయానికి, ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే అది సమ్మతి. 4వ సెక్షన్ ప్రకారం ప్రతిపాదన ఎవరికి చేశామో వారికి తెలిసినప్పుడే అది అందినట్టు. 1965లో సుప్రీంకోర్టు ముందుకు ఫోన్‌లో కుదిరిన పత్తిగింజల చెక్క బేరం వచ్చింది. ప్రతిపాదన చేసినవాళ్లు అహ్మదాబాద్‌లో, ఒప్పుకున్నవాళ్లు ఖామ్‌గావ్‌లో ఉన్నారు. ఒప్పుకున్న మాట అవతల వినబడిన చోటే, అంటే అహ్మదాబాద్‌లోనే, ఒప్పందం కుదిరినట్టని మెజారిటీ తీర్పు చెప్పింది. చట్టం కూడా విన్నవాళ్ల వైపు నుంచి చూస్తుంటే, మనం ఇంకా "నేను చెప్పిన" దగ్గరే ఆగిపోతే ఎట్లా?

మరి ఏం చేయాలి? తిరిగి చెప్పించుకోవాలి. కాజీపేట చుట్టుపక్కల రైల్వే కుటుంబాలకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మా మేనమామ లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర పనిచేసేవారు. సెలవుల్లో నేను ఆయన పక్కన కూర్చునేవాణ్ని. స్టేషన్ మాస్టర్ ఫోన్ చేసి బండి నంబర్ చెబితే, మామ ఆ నంబర్ తిరిగి పలికేవారు. గేటు వేశాక, వేసినట్టు రుజువుగా ప్రైవేట్ నంబర్ అనే ఒక అంకె ఇచ్చేవారు. అవతల ఆయన దాన్ని మళ్లీ పలికేవారు. ఇద్దరూ రిజిస్టర్‌లో రాసుకునేవారు. ఎన్నేళ్ల పరిచయమున్నా ఏ రోజూ "సరే, తెలుసులే" అని ఫోన్ పెట్టేయలేదు.

మీ దుకాణానికి రిజిస్టర్ అక్కర్లేదు. ఏ సరుకు, ఎంత, ఏ తేదీన ఎన్ని గంటలకు, ఎవరికి అన్న వివరాలు పంపే మెసేజ్‌లో ఉండాలి. అందుకున్నవాళ్లు బొటనవేలి గుర్తుతో సరిపెట్టకుండా అవే వివరాలు సొంత మాటల్లో తిరిగి రాయాలి. "14వ తారీఖు పొద్దున ఎనిమిదింటికి, కొత్త లాట్ తేజ, 80 బస్తాలు, గుంటూరు పార్టీకి. అంతేనా సేటూ?" ఇది రాయడానికి అర నిమిషం పట్టదు. ఆ గుమస్తా ఇలా రాసి ఉంటే, తారీఖు తప్పో లాట్ తప్పో సేటు కంట పడేది.

ఇక్కడ యజమానులకు ఒక మాట గట్టిగా చెప్పాలి. మీ దగ్గర పనిచేసేవాళ్లు మళ్లీ అడగకపోవడానికి కారణం నిర్లక్ష్యం కాదు, భయం. "ఒకసారి చెప్తే అర్థం కాదా?" అని మీరు ఒక్కసారి అన్నా చాలు, ఆ తర్వాత ఆ మనిషి అర్థం కాకపోయినా తల ఊపుతాడు. నా క్లాసుల్లో చాలామంది ఇదే చెప్పుకుని బాధపడతారు. అడిగితే తిట్లు, అడగకపోతే తప్పు, మధ్యలో పొద్దంతా టెన్షన్. "నీకు అర్థమైందా?" అని అడగకండి. దానికి ఎవరైనా "అయింది" అనే అంటారు. "నేను ఏమన్నా మర్చిపోయిన్నేమో, ఒకసారి నువ్వు చెప్పు" అనండి. అప్పుడు తప్పు మీ మాటలో ఉందేమో అని వెతుకుతున్నారు, ఎదుటి మనిషికి అవమానం ఉండదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

ఇంగ్లిష్ వస్తేనే కమ్యూనికేషన్ స్కిల్స్ ఉన్నట్టు అనే మాట మన పిల్లలను ఊరికే భయపెడుతోంది. నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఇంటర్వ్యూలో ఇంగ్లిష్ తడబడిందని ఏడ్చింది. ఇప్పుడు ఒక డయాగ్నస్టిక్ సెంటర్ రిసెప్షన్‌లో పనిచేస్తోంది. ఫోన్ చేసినవాళ్లకు పరీక్ష పేరు, టైమ్, ఏమీ తినకుండా రావాలా అన్నవి తెలుగులోనే చెప్పి, తిరిగి చెప్పించుకుంటుంది. తెలియక టిఫిన్ తిని వచ్చి వెనక్కి వెళ్లేవాళ్లు అక్కడ బాగా తగ్గారు. కార్పొరేట్ ఉద్యోగాలకు ఇంగ్లిష్ కావాలి, కాదనను, నేర్చుకోండి. కానీ రాదని మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోకండి.

"కమ్యూనికేషన్‌లో మాటలు 7 శాతమే, మిగతా 93 శాతం గొంతు, బాడీ లాంగ్వేజ్" అని చెప్పే ట్రైనర్లను దయచేసి నమ్మకండి. ఆ అంకెలకు మూలమైన మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967 ప్రయోగాల్లో చూసింది ఇష్టాయిష్టాల వంటి భావాల గురించి మాత్రమే. అన్ని మాటలకూ ఇది వర్తించదని ఆయనే చెప్పారు. బస్తాల లెక్క ఎవరి ముఖంలోనూ కనబడదు.

గ్రూపులో పెడితే అందరికీ చెప్పినట్టే అనేది ఇంకొకటి. పదిమందికి చెప్పిన పని ఎవరిదీ కాదు. పని ఎవరిదో వాళ్ల పేరు రాయండి.

వాట్సాప్ మాటకు విలువ లేదనే వదంతి మార్కెట్‌లో ఎక్కువ. అది తప్పు. ఐటీ చట్టంలో 2008 సవరణతో చేర్చిన 10ఏ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదు. కోర్టులో చూపించాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. 2024 జూలై 1 నుంచి ఇది అమల్లో ఉంది. కాబట్టి వ్యాపారం మాట్లాడే చాట్‌లలో మెసేజ్‌లు వాటంతట అవే చెరిగిపోయే సెట్టింగ్ ఈ రోజే ఆపేయండి. ఫోన్ మార్చేటప్పుడు బ్యాకప్ తీసుకోండి.