గీజర్‌కి ఉప్పు పట్టింది

వినాయక చవితి ముసురులో మా బాత్రూమ్ గీజర్ నీళ్లు కాచడం మానేసింది. విశాఖ ఎంవీపీ కాలనీలో మాది బోరు నీళ్ల అపార్ట్‌మెంట్. మెకానిక్ వచ్చి కింద మూత విప్పి కాయిల్ బయటికి లాగాడు. అసలు లోహం ఎక్కడా కనబడలేదు. చింతపిక్క మందాన తెల్లటి పెళ్లలు. స్క్రూడ్రైవర్‌తో గోకితే సుద్దముక్కల్లా రాలాయి. "ఉప్పు పట్టేసిందండీ బాబూ. బోరు నీళ్లు కదా, ఏం చేత్తాం?" అన్నాడు.

ఆ పొద్దున్నే అమెరికా నుంచి మా చెల్లెలు ఒక వీడియో పంపింది. వాళ్లు ఎల్లోస్టోన్ పార్కులో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ అనే హోటల్లో దిగారు. 1904లో తెరిచిన హోటల్ అది, చెట్ల దుంగలు పేర్చి కట్టారు. గుమ్మం దాటి నాలుగడుగులు వేస్తే చాలు, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే గుండంలోంచి వేడినీళ్లు ముప్పై నుంచి యాభై అయిదు మీటర్ల ఎత్తుకు లేస్తాయి. తర్వాత ఎన్నింటికి లేస్తాయో ముందే చెబుతారు, అటూ ఇటూ పది నిమిషాలు. మన రైళ్ల టైము కన్నా నయమే. "అన్నయ్యా, అసలు గీజరంటే ఇదీ" అని రాసింది.

నిజమే, ఆ మాట పుట్టింది అలాంటి చోటే. ఐస్‌లాండ్‌లో నీళ్లు చిమ్మే ఒక గుండం పేరు గేసిర్. 1868లో లండన్‌లో మాన్ అనే ఆయన గ్యాస్‌తో నీళ్లు కాచే యంత్రం చేసి దానికి గీజర్ అని పేరు పెట్టాడు. పేరు అలా బాత్రూముల్లోకి చేరింది. చిమ్మడం మాత్రం ఐస్‌లాండ్‌లోనే ఉండిపోయింది.

ఇంతకీ నీళ్లు ఎందుకు చిమ్ముతాయి? భూమిలో వేడి ఉంటే చాలదు, నీళ్లుంటే చాలదు. గొంతు కావాలి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ నోట్లోకి పరికరాలు దించి చూసినవాళ్లకు ఏడు మీటర్ల లోతులో ఒక ఇరుకు కనబడింది, వెడల్పు నాలుగైదు అంగుళాలే. ఆ గొంతుకి పైనా కిందా నీళ్లే. కింది నీళ్లు ఎంత కాగినా తొందరగా మరగవు, పైనున్న నీటి బరువు అదిమి పెడుతుంది. పది మీటర్ల నీటి బరువంటే సుమారుగా మన కుక్కర్ మీద పెట్టే వెయిట్ పనే. ఆ ఒత్తిడిలో నీళ్లు 120 డిగ్రీల దాకా పోతే గాని మరగవు.

అలా కాగి కాగి, కింద పుట్టిన ఆవిరి బుడగలు ఇరుకులోకి ఎగబడతాయి. పైనున్న నీళ్లను కొన్నిటిని గట్టు మీదికి పొర్లిస్తాయి. అసలు కథ ఇక్కడే ఉంది. పొర్లినంత మేర బరువు తగ్గింది కదా, కింద అప్పటిదాకా అణిగి ఉన్న నీళ్లు ఉన్నపళాన ఆవిరవుతాయి. లీటరు నీరు ఆవిరైతే 1,600 లీటర్ల చోటు అడుగుతుంది. ప్రెషర్ పోకముందే కుక్కర్ మూత తీస్తే పప్పు సీలింగ్‌కి అంటుకుంటుంది చూడండి, అదే పని. కాకపోతే ఇక్కడ పప్పు బదులు వేల లీటర్ల నీళ్లు. గొంతు ఖాళీ అయ్యాక మళ్లీ నిండి కాగడానికి గంట, గంటన్నర పడుతుంది. చిమ్మడం కొద్దిసేపట్లోనే ఆగిపోతే లోపల వేడి నీళ్లు ఇంకా మిగిలినట్టు, కాబట్టి తర్వాతది తొందరగా వస్తుంది. హోటల్ వాళ్లు చెప్పే టైము వెనకున్న లెక్క ఇదే.

(అన్నట్టు, అక్కడ టీ రంగు దిగడం లేదని మా చెల్లెలి గోల. ఆ ఊరు సముద్రానికి 2,240 మీటర్ల ఎత్తు. అక్కడ నీళ్లు 93 డిగ్రీలకే మరిగిపోతాయి. విశాఖలో అయితే వంద.)

మరి ఆ గొంతుని కట్టిందెవరు? మా కాయిల్‌ని చెడగొట్టినట్టే, పట్టిన ఉప్పే. ఎల్లోస్టోన్ కింద అగ్నిపర్వతం పోసిన రాళ్లున్నాయి. వాటి నిండా సిలికా, అంటే మన బీచ్ రోడ్డు ఇసకలో మెరిసే సరుకు. లోతుల్లో మహా వేడి నీళ్లు దాన్ని కరిగించుకుని పైకొస్తాయి. పైకొచ్చి చల్లారేసరికి దాన్ని మోయలేక గోడలకు పూసేస్తాయి. పగుళ్లు మూసుకుపోయి, గొంతు ఒత్తిడికి తట్టుకునేంత గట్టిపడుతుంది. మా ఇంటి ఉప్పు సున్నం జాతి, అది వేడెక్కితే పేరుకుంటుంది. అక్కడిది చల్లారితే పేరుకుంటుంది. ఒకచోట యంత్రాన్ని మూలన పడేసింది, ఇంకోచోట యంత్రాన్నే తయారుచేసింది. గుండాల చుట్టూ నేల మీదా ఈ పెంకే ఉంటుంది. కొన్నిచోట్ల అది అప్పడమంత పల్చన, కింద సలసల కాగే నీళ్లు. చెక్కల బాట దిగి నడవొద్దని అందుకే మొత్తుకుంటారు. వినకపోవడం వల్లా, పట్టు తప్పి పడడం వల్లా అక్కడ ఇరవై మందికి పైగా చనిపోయారు.

మనకు దగ్గర్లో చూడాలంటే ఒడిశాలో తప్తపాణి ఉంది. రైలెక్కి ఇచ్ఛాపురం దాటి బరంపురంలో దిగితే, అక్కణ్ణుంచి అడవి దారిలో యాభై కిలోమీటర్లు. గుండం, పక్కన అమ్మవారి గుడి, ఆ వేడినీళ్లే గొట్టాల్లో వచ్చే ప్రభుత్వ పర్యాటక బస. హాయిగా స్నానం చేయొచ్చు కానీ నీళ్లు చిమ్మడం మాత్రం ఉండదు. తూర్పు కనుమలవి బాగా పాత రాళ్లు, కింద లావా లేదు. వాన నీళ్లు పగుళ్లలో లోతుకి దిగి, కిలోమీటరుకి పాతిక ముప్పై డిగ్రీల చొప్పున వేడెక్కి తిరిగొస్తాయి, అంతే. మరిగేంత వేడీ లేదు, మూసి ఉంచే గొంతూ లేదు. మనవాళ్లు వీటిని బుగ్గలన్నారు గానీ ఇంకేదో అనలేదు, సరిగ్గానే పిలిచారు.

ఇలా వేడినీళ్లు వాడుకునే హోటళ్ల వల్ల బుగ్గలకు ముప్పు లేదా అంటే, ఉంది. న్యూజిలాండ్‌లో రోటోరువా అనే ఊళ్లో గాలి నిండా కుళ్లిన గుడ్డు వాసన. హైడ్రోజన్ సల్ఫైడ్ అది, వెండి పట్టీలు నల్లబడిపోతాయి. ఆ ఊళ్లో ఇళ్లవాళ్లూ హోటళ్లవాళ్లూ బోర్లు వేసి భూమిలోని వేడి నీళ్లు తోడుకున్నారు. పొహుటు అనే పెద్ద గీజర్‌నీ, చుట్టుపక్కల వాటినీ చూడ్డానికి వచ్చినవాళ్లకు వేడినీళ్ల స్నానం అన్నమాట. తోడేకొద్దీ లోపల ఒత్తిడి పడిపోయి గీజర్లు నీరసించాయి. 1980ల్లో ప్రభుత్వం కల్పించుకుని పొహుటు చుట్టూ కిలోమీటరున్నర లోపు బోర్లన్నీ మూయించింది. గీజర్లు తేరుకున్నాయి. మా కాలనీ బోర్లు ఏటా ఇంకో పొడుగు పైపు అడుగుతుంటాయి కాబట్టి ఈ కథ నాకు బాగా అర్థమైంది.

ఎవరూ తోడకపోయినా నీళ్లు తగ్గొచ్చు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దిబ్బ మీద రాయిలా మారిన చెక్క ముక్కలు దొరికాయి. వయసు లెక్కగడితే అవి క్రీస్తుశకం 13, 14 శతాబ్దాల నాటివని తేలింది. వేడినీళ్లు చిమ్మేచోట చెట్టు బతకదు. అంటే ఆ రోజుల్లో దీర్ఘకాలం కరువొచ్చి కింద నీళ్లు చాలక, ఆ గీజర్ దశాబ్దాల తరబడి నోరు మూసుకుంది. దిబ్బ మీద పైన్ చెట్లు మొలిచి ఎదిగాయి. తర్వాత వానలు కోలుకున్నాయి, నీళ్లు మళ్లీ లేచాయి, చెట్లు చచ్చిపోయాయి. ఆ మోళ్లకు ఉప్పు పట్టింది.